టోకెన్ నంబర్ 48, ఎనిమిదిసార్లు

2018 వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే కేపీహెచ్‌బీలో బండి తీసి, అమీర్‌పేట, ఖైరతాబాద్, చాదర్‌ఘాట్ మీదుగా తడుస్తూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. మా ఆఫీసు మాదాపూర్‌లో. అప్పటికి హైటెక్ సిటీ దాకా మెట్రో రాలేదు. పని ఏమిటంటే, అక్కడ ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మేం పెట్టిన టోకెన్ బోర్డు 'పిచ్చిపిచ్చిగా చేస్తోంది' అని ఫోను వచ్చింది. ఆ సెంటర్ పేరు చెప్పను. తప్పు వాళ్ళది కాదు, నాదే.

బోర్డు చేసే పని చాలా చిన్నది. గోడకి ఒక టీవీ, దాని వెనక ఒక చిన్న పెట్టె, అందులో బ్రౌజర్. కౌంటర్‌లో అమ్మాయి బటన్ నొక్కగానే సర్వర్ నుంచి సాకెట్ (ఎప్పుడూ తెరిచే ఉండే కనెక్షన్) మీద ఒక ఈవెంట్ (ఫలానాది జరిగింది అనే కబురు) వస్తుంది. తెరమీద నంబరు మారుతుంది, 'టోకెన్ నంబర్ నలభై ఎనిమిది, కౌంటర్ మూడు' అని గొంతు పలుకుతుంది. అరగంటకోసారి బోర్డు తప్పుకుని, రెండు నిమిషాలపాటు షుగరు, బీపీ, థైరాయిడ్ గురించి స్లైడ్లు వస్తాయి. తర్వాత మళ్ళీ బోర్డు. అంతే. దీన్ని రాయడానికి నాకు పట్టింది నాలుగు రోజులు.

ఆరున్నరకి సెంటర్ తెరిచారు. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ళు అప్పటికే బయట నిలబడి ఉన్నారు. మొదటి అరగంట అంతా బాగానే ఉంది. నేను చాయ్ తెప్పించుకుని, వీళ్ళు ఊరికే కంగారుపడ్డారనుకున్నాను. ఏడింటికి స్లైడ్లు వచ్చి వెళ్ళాక ప్రతి నంబరూ రెండుసార్లు పిలవడం మొదలైంది. ఏడున్నర దాటాక మూడుసార్లు. పదయ్యేసరికి ఎనిమిదిసార్లు. బ్రౌజర్‌లో ఉండే స్పీచ్ సింథసిస్ ఒకదానిమీద ఒకటి పడేలా మాట్లాడదు, అడిగినవన్నీ వరసలో పెట్టుకుని ఒకటయ్యాక ఒకటి పలుకుతుంది. ఒక్క పిలుపుకి నాలుగు సెకన్లు అనుకుంటే ఎనిమిదింటికి అరనిమిషం దాటిపోతుంది. కౌంటర్లలో అంతకంటే త్వరగా నంబర్లు మారుతున్నాయి. దాంతో తెరమీద 61 కనిపిస్తుంటే గొంతు ఇంకా 48ని పిలుస్తోంది. కొందరు కళ్ళని నమ్మి లేచారు, కొందరు చెవుల్ని నమ్మి కూర్చున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చీటీ చూపించి అడిగింది: "ఇన్నిసార్లు పిలుస్తున్నరు, నాకు అన్ని టెస్టులు రాసిండ్రా బిడ్డా?"

రిసెప్షన్‌లో కుర్రాడు మాత్రం నింపాదిగా ఉన్నాడు. "పదింటికి ఒకసారి టీవీ బంద్ చేసి పెడ్తం సార్, సెట్ అయితది." ఎన్నాళ్ళ నుంచి అంటే మూడు నెలల నుంచి. అంటే నేను పెట్టిన రోజు నుంచి.

ఈ కథ చెప్పగానే ఈ పని చేసే వాళ్ళెవరైనా 'ఓ, అన్‌సబ్‌స్క్రైబ్ చేయడం మరిచిపోయావు' అంటారు, అంటే ఇక కబుర్లు పంపొద్దని చెప్పలేదని. లేదు, మరిచిపోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. బోర్డు తెరమీదికి వచ్చినప్పుడు ఈవెంట్‌కి లిజనర్ (అది వచ్చినప్పుడు నడవాల్సిన ఫంక్షన్) తగిలించే లైను ఉంది, తెరమీంచి వెళ్ళిపోయేటప్పుడు దాన్ని తీసేసే లైనూ ఉంది. కోడ్ రివ్యూలో మా సీనియర్ ఆ రెండో లైను చూసి 'గుడ్' అని రాశాడు కూడా. తగిలించేటప్పుడు నేను ఫంక్షన్‌ని బైండ్ చేసి (అది ఏ బోర్డు తరఫున నడవాలో దానికి కట్టి) ఇచ్చాను, తీసేటప్పుడు కూడా బైండ్ చేసి ఇచ్చాను. చూడ్డానికి రెండు లైన్లూ అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి. కానీ బైండ్ అనేది పిలిచిన ప్రతిసారీ ఒక కొత్త ఫంక్షన్‌ని తయారుచేసి ఇస్తుంది. తీసెయ్యమని నేను ఇచ్చిన ఫంక్షన్ ఆ జాబితాలో ఎప్పుడూ లేదు. లేనిదాన్ని తీసెయ్యమంటే లైబ్రరీ ఏమంటుంది? ఏమీ అనదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఊరుకుంటుంది.

బ్రౌజర్ సొంత పద్ధతీ ఇంతే. లిజనర్‌ని తీసేసే రిమూవ్‌ఈవెంట్‌లిజనర్‌కి ఈవెంట్ పేరు, ఫంక్షన్, క్యాప్చర్ అనే జెండా (అవును-కాదు అని పెట్టే గుర్తు) మూడూ సరిగ్గా కలవాలి. తగిలించేటప్పుడు క్యాప్చర్ పెట్టి, తీసేటప్పుడు పెట్టకపోతే అది వేరే లిజనర్ కింద లెక్క. అప్పటికప్పుడు అక్కడే పేరు లేకుండా రాసిన యారో ఫంక్షన్ ఇస్తే దాన్ని తియ్యడానికి మళ్ళీ పట్టుకునే దారే లేదు. ఇన్ని షరతులు పెట్టి, ఒక్కటి తప్పినా మౌనంగా ఉండే ఫంక్షన్‌ని నేను మంచి డిజైన్ అనలేను. తప్పు నాదేనని ఇప్పుడే కదా చెప్పాను. కానీ ఆ తప్పు చేయడం ఇంత తేలిగ్గా ఉండటం నా తప్పు కాదు.

ఇక్కడ ఎవరు ఎవర్ని పట్టుకుని ఉంటారన్నది చాలామందికి తిరగబడి అర్థమవుతుంది. నాకూ అలాగే ఉండేది. బోర్డు సాకెట్‌ని వింటోంది కాబట్టి బోర్డే సాకెట్‌ని పట్టుకుని ఉందనుకుంటాం. బోర్డు పోతే పట్టు కూడా పోతుందనుకుంటాం. నిజానికి పట్టు అటువైపు నుంచి ఉంటుంది. పేపరు వేసే అబ్బాయి డైరీ ఊహించుకోండి. మీరు ఫ్లాట్ ఖాళీ చేసి అతనికి చెప్పకుండా వెళ్ళిపోతే పేపరు పడుతూనే ఉంటుంది, చందా లెక్క పెరుగుతూనే ఉంటుంది. ఇంతవరకూ అందరూ చెప్పే పోలికే. కంప్యూటర్ మెమరీలో ఇంకో వింత ఉంది. ఆ డైరీలో మీ ఫ్లాట్ నంబరు ఉన్నంతకాలం ఆ బిల్డింగుని ఎవరూ కూల్చలేరు. లోపలి మంచాలు, బీరువాలు, గోడమీది క్యాలెండరుతో సహా అలాగే నిలబడి ఉండాలి. గార్బేజ్ కలెక్టర్, అంటే అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే యంత్రాంగం, పని చేసేది ఇలాగే. మూలం నుంచి బయల్దేరి, ఎక్కడికైతే దారి ఉందో అదంతా బతికున్నట్టే అనుకుంటుంది. సాకెట్ బతికి ఉంది, సాకెట్ జాబితాలో నా ఫంక్షన్ ఉంది, ఫంక్షన్ చేతిలో బోర్డు ఉంది. కాబట్టి బోర్డు బతికే ఉంది, తెరమీద కనిపించకపోయినా సరే. పదింటికి ఆ పెట్టెలో ఎనిమిది బోర్డులు ఉన్నాయి. కనిపించేది ఒక్కటి, పిలిచేవి ఎనిమిది.

దీనికి పుస్తకాల్లో ఒక పేరుంది, ల్యాప్స్‌డ్ లిజనర్ ప్రాబ్లం అని. మన ఆఫీసుల్లో మాత్రం అందరూ దీన్ని 'మెమరీ లీక్' అంటారు. నా అసలు తగాదా ఈ పేరుతోనే.

మెమరీ లీక్ అనగానే చర్చ ర్యామ్ మీదికి వెళ్ళిపోతుంది. ఎన్ని ఎంబీలు పోతున్నాయి, యూజర్ ఎంతసేపు ఉంటాడు, ఎలాగూ రిఫ్రెష్ కొడతాడు కదా. మా టీమ్‌లోనే ఒకతను అన్నాడు: "అన్నా, ఇప్పుడు ఫోన్లకే ఎనిమిది జీబీ ఉంటోంది, నాలుగు కేబీ కోసం ఈ గొడవెందుకు?" మెమరీ లెక్కన చూస్తే అతని మాట కొట్టిపారేయలేం. నా ఎనిమిది బోర్డులు కలిపి తిన్న మెమరీ ఆ పెట్టెకి ఒక లెక్కే కాదు. అక్కడ కారిపోయింది మెమరీ కాదు. చచ్చిపోయిన బోర్డులు పని మానలేదు, అదీ అసలు గొడవ. వెళ్ళిపోయిన పేజీ తాలూకు లిజనర్ ఇంకా బతికుంటే అది ఊరికే చోటు ఆక్రమించి కూర్చోదు. ఈవెంట్ వచ్చినప్పుడల్లా లేస్తుంది, సర్వర్‌కి రిక్వెస్ట్ పంపుతుంది, డబ్బు కట్టిన మెసేజ్ వస్తే ఆర్డర్‌ని రెండోసారి కన్ఫర్మ్ చేస్తుంది, పాత లెక్కతో కొత్త తెరని తుడిచేస్తుంది. దీన్ని లీక్ అంటే ప్లంబర్‌ని పిలిచి సరిపెట్టుకోవచ్చనిపిస్తుంది. నేను మా టీమ్‌లో దీన్ని 'దయ్యం' అంటాను. నవ్వినా సరే, బగ్ రిపోర్టులో 'దయ్యం' అని రాస్తే దాని ప్రయారిటీ మారుతోంది.

సెర్చ్ పెట్టె ఒకటి చూడండి. పార్సిల్ పంపడానికి ఏరియా పేరు వెతకాలి. యూజర్ 'మాద' అని కొట్టి ఆగాడు, ఒక రిక్వెస్ట్ వెళ్ళింది. మళ్ళీ 'మాదన్న' దాకా కొట్టాడు, రెండో రిక్వెస్ట్ వెళ్ళింది. రెండోదానికి జవాబు ముందొచ్చింది, మాదన్నపేట కనిపించింది. అతను వేలు కిందికి దించేలోపు మొదటిదాని జవాబు తీరిగ్గా వచ్చి పడింది, పైన మాదాపూర్ చేరింది. వేలు దానిమీద పడింది. పార్సిల్ ఊరికి ఆ కొసన దిగాల్సింది ఈ కొసన దిగింది. ఇక్కడ ఒక్క బైటు కూడా లీక్ కాలేదు. అయినా జబ్బు అదే. అవసరం తీరిపోయిన ఎదురుచూపుని ఎవరూ రద్దు చేయలేదు.

వెబ్ పేజీల తెరలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీలో (నా బోర్డు రాసిందీ దాంతోనే) చాలాకాలం ఒక వార్నింగ్ వచ్చేది. తీసేసిన కాంపొనెంట్ (తెరలో ఒక ముక్క) మీద స్టేట్ (అది చూపించే విలువ) మార్చబోతున్నావు, లీక్ ఉందేమో చూసుకో అని ఎర్రగా కన్సోల్‌లో పడేది. నా బోర్డు కూడా ఆ వార్నింగ్ ఇచ్చే ఉంటుంది, డెవలప్‌మెంట్‌లో అరగంట ఆగి చూసి ఉంటే. నేను ఎప్పుడు ఆగాను? పది నిమిషాలకోసారి ఫైలు సేవ్ చేస్తాను, పేజీ మొత్తం రీలోడ్ అవుతుంది, దయ్యాలన్నీ ఒకేసారి పోతాయి. రిసెప్షన్ కుర్రాడు టీవీ ఆపి పెట్టినట్టే, నేను నాకు తెలియకుండానే రోజుకి యాభైసార్లు టీవీ ఆపి పెడుతున్నాను. పైగా ఆ వార్నింగ్ కనబడినవాళ్ళు చేసిందేమిటంటే, 'మౌంటెడ్' అని ఒక జెండా పెట్టుకుని, అది దిగిపోయి ఉంటే స్టేట్ మార్చకుండా వెనక్కి తిరగడం. వార్నింగ్ పోయింది, లిజనర్ అలాగే ఉంది. పేపరు పడుతూనే ఉంది, ఎవరూ తలుపు తియ్యడం లేదు, అంతే తేడా. 2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18లో ఆ వార్నింగ్‌నే తీసేశారు. చాలామంది తిట్టారు. నేను మాత్రం మంచిపనే అంటాను. ఒకసారి వచ్చి పోయే జవాబులకి కూడా లీక్ అని అరిచి, జనాన్ని ఆ జెండా వైపు తోసింది ఆ వార్నింగే. ఫోన్ యాప్‌లు రాసే ఫ్లట్టర్ వాళ్ళకీ ఇదే సుఖం ఉంది. డిస్పోజ్ అయ్యాక (తెర ముక్కని పారేశాక) సెట్‌స్టేట్ పిలిచావు అని ఎర్రర్ పడగానే 'మౌంటెడ్' అయితేనే అని ఒక ఇఫ్ రాసి చేతులు దులుపుకుంటారు. స్ట్రీమ్ (వరసగా వచ్చే కబుర్ల ప్రవాహం) సబ్‌స్క్రిప్షన్‌ని డిస్పోజ్‌లో క్యాన్సిల్ చేసినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

అదే రియాక్ట్ 18లో ఇంకో మార్పు వచ్చింది. స్ట్రిక్ట్ మోడ్ అనే పరీక్ష పద్ధతి పెట్టుకుంటే డెవలప్‌మెంట్‌లో ప్రతి కాంపొనెంట్‌నీ ఒకసారి పెట్టి, తీసి, వెంటనే మళ్ళీ పెడుతుంది. తగిలించిన ఎఫెక్ట్‌లన్నీ (కాంపొనెంట్ తెరమీదికి వచ్చాక నడిచే కోడు) ఒకసారి ఆగి మళ్ళీ నడుస్తాయి. ఇది చూసి 'నా ఏపీఐ (సర్వర్‌కి పంపే రిక్వెస్ట్) రెండుసార్లు వెళ్తోంది' అని గోల పెట్టి, స్ట్రిక్ట్ మోడ్‌నే తీసేసిన ప్రాజెక్టులు నేను మూడు చూశాను. పొగ రాగానే మోగే అలారం మోగిందని దాని బ్యాటరీ పీకేసినట్టు. నాకు 2018లో ఇది ఉండి ఉంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడింటికి వినిపించిన రెండో పిలుపు మాదాపూర్‌లో నా ల్యాప్‌టాప్‌లో మొదటిరోజే వినిపించేది. వానలో బండి తీయాల్సిన పని ఉండేది కాదు.

సరే, ఏం చెయ్యాలి? 'జాగ్రత్తగా ఉండాలి', 'చెక్‌లిస్ట్ పెట్టుకోవాలి' అనే సలహాల మీద నాకు నమ్మకం పోయింది. నేను జాగ్రత్తగానే ఉన్నాను, చెక్‌లిస్ట్‌లో టిక్కు కూడా పడింది. తెరిచే లైను ఒకచోట, మూసే లైను అరవై లైన్ల కింద ఇంకోచోట ఉన్నంతకాలం, ఎవరో ఒకరు పైది మార్చి కిందది వదిలేస్తారు. తెరిచిన చేతికే తాళంచెవి ఇవ్వాలి. అంటే, సబ్‌స్క్రైబ్ అనే ఫంక్షన్ ఏదైనా సరే, ఖాళీ చేతులతో తిరిగి రాకూడదు. నన్ను ఆపడానికి ఇదిగో ఈ ఫంక్షన్ పిలువు అని ఒకటి చేతిలో పెట్టాలి. అప్పుడు బైండ్ గొడవ లేదు, క్యాప్చర్ జెండా గొడవ లేదు, ఏది తీసెయ్యాలో మళ్ళీ వర్ణించి చెప్పాల్సిన అవసరమే లేదు. 2019 ఫిబ్రవరిలో రియాక్ట్ 16.8తో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చినప్పుడు, అందులో ఎఫెక్ట్‌ని రాసే యూజ్‌ఎఫెక్ట్ గురించి అందరూ ఏవేవో చెప్పారు. నాకు నచ్చింది ఒక్కటే. తగిలించిన కోడు ముగిసే చోటే, అదే బ్రాకెట్ల మధ్య, విప్పే ఫంక్షన్‌ని రిటర్న్ చేస్తాం. రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మార్చినప్పుడు రెండోది కంటపడుతుంది.

దీంట్లోనూ ఒక తప్పుడు అభిప్రాయం పాతుకుపోయింది. ఆ విప్పే ఫంక్షన్ కాంపొనెంట్ పోయేటప్పుడు మాత్రమే నడుస్తుందని ఇంటర్వ్యూల్లో పదిమందిలో ఎనిమిదిమంది చెబుతారు. ఎఫెక్ట్ ఆధారపడిన విలువ మారిన ప్రతిసారీ, కొత్తది తగిలించే ముందు, పాతదాన్ని విప్పడానికి కూడా అది నడుస్తుంది. ఈ సంగతి తెలియక, 'మాటిమాటికీ ఎందుకు విప్పి తగిలించడం' అని డిపెండెన్సీల (అంటే ఆ విలువల) జాబితాని ఖాళీగా పెట్టేస్తారు. అప్పుడు లిజనర్ ఒక్కటే ఉంటుంది, నిజమే, కానీ అది మొదటిరోజు విలువల్నే పట్టుకుని కూర్చుంటుంది. యూజర్ కూకట్‌పల్లి బ్రాంచి నుంచి మలక్‌పేట బ్రాంచికి మారినా, అది ఇంకా కూకట్‌పల్లి టోకెన్లే వింటుంది. ఇదీ దయ్యమే, కాకపోతే ఒంటరిది.

బ్రౌజర్‌లోకి 2021 ప్రాంతంలో ఇంకో మంచి ఏర్పాటు వచ్చింది. యాడ్‌ఈవెంట్‌లిజనర్‌కి అబార్ట్‌కంట్రోలర్ తాలూకు సిగ్నల్ ఇవ్వొచ్చు. స్క్రోల్‌కి ఒకటి, రీసైజ్‌కి ఒకటి, కీబోర్డుకి రెండు, వీటన్నిటికీ ఒకే సిగ్నల్ ఇచ్చి, చివర్లో ఒక్కసారి అబార్ట్ అంటే అన్నీ ఊడిపోతాయి. అదే సిగ్నల్‌ని, సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫెచ్‌కి కూడా ఇస్తే మన మాదన్నపేట గొడవా తీరుతుంది. ఇంటి కరెంటు మొత్తానికి మెయిన్ స్విచ్ లాంటిది. ఇది వచ్చి ఇన్నేళ్ళయినా మన దగ్గర కోడ్‌లో చాలా తక్కువ కనిపిస్తుంది. కారణం ఊహించగలను. అమీర్‌పేటలో నేను నేర్చుకున్నప్పుడు జిరాక్స్ నోట్స్‌లో లిజనర్ తగిలించడానికి ఒక పేజీ ఉంది, విప్పడానికి ఒక లైను ఉంది. ఆ నోట్సు ఇప్పటికీ కాపీల మీద కాపీలుగా తిరుగుతూనే ఉందని నా అనుమానం.

యాంగ్యులర్ (రియాక్ట్ లాంటిదే ఇంకో పనిముట్టు) వాళ్ళు దీన్ని ఇంకా ముందు నుంచే పడుతున్నారు, ఎందుకంటే అక్కడ ఎటు చూసినా ఆర్ఎక్స్‌జేఎస్ లైబ్రరీ ఇచ్చే స్ట్రీములే. కాంపొనెంట్ పోయేటప్పుడు నడిచే ఎన్జీఆన్‌డిస్ట్రాయ్ అంటే ఏమిటని అడిగితే టకీమని చెబుతారు, కోడ్ తెరిస్తే అది ఖాళీగా ఉంటుంది. టేక్‌అంటిల్ (ఫలానా కబురు వచ్చేదాకానే విను అనేది) పెట్టి ఒక సబ్జెక్ట్‌తో (ఆ కబురు పంపేదానితో) ఆపడం అలవాటైంది, కానీ దాన్ని వరసలో చివర పెట్టాలి. టేక్‌అంటిల్ తర్వాత స్విచ్‌మ్యాప్ (వచ్చిన ప్రతి కబురుకీ కొత్త ప్రవాహం మొదలుపెట్టేది) ఒకటి ఉందనుకోండి, పైన ప్రవాహం ఆగినా లోపల మొదలైన కొత్త ప్రవాహం ఆగదు. ఇదొక్కటి సరిచేస్తే పోయిన బగ్గులు నేను చూశాను. 2023లో యాంగ్యులర్ 16తో టేక్‌అంటిల్‌డిస్ట్రాయ్డ్ వచ్చాక సబ్జెక్ట్ రాసే చాకిరీ తప్పింది, చివర పెట్టాలన్న నియమం మాత్రం తప్పలేదు. అసలు టెంప్లేట్‌లో, తనే తగిలించి తనే విప్పే అసింక్ పైప్ వాడగలిగినచోట చేత్తో సబ్‌స్క్రైబ్ రాయడమే దండగ.

కొందరు తెలివైనవాళ్ళు ఇక్కడ వీక్ రిఫరెన్స్ అంటారు. డైరీలో పెన్నుతో కాకుండా పెన్సిల్‌తో రాసుకుంటే సరిపోతుంది కదా, ఇల్లు కూల్చాక పేరు దానంతటదే చెరిగిపోతుంది అని. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో తెరలు కట్టే డబ్ల్యూపీఎఫ్‌కి వీక్ ఈవెంట్ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, జావాస్క్రిప్ట్‌కి కూడా 2021 ప్రమాణంలో వీక్‌రెఫ్ వచ్చింది. నేను ఒప్పుకోను. కారణం పైన చెప్పిందే: సమస్య మెమరీ అయితే ఇది మందే, కానీ సమస్య మెమరీ కాదు. గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడొస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు. అది వచ్చేదాకా చచ్చిన బోర్డు నంబర్లు పిలుస్తూనే ఉంటుంది. ఒక రోజు మూడుసార్లు, ఒక రోజు అయిదుసార్లు, ర్యామ్ ఎక్కువున్న పెట్టెలో ఇంకా ఎక్కువసార్లు. కచ్చితంగా వచ్చే బగ్గుని తీసి, ఎప్పుడొస్తుందో తెలియని బగ్గుని పెట్టుకున్నట్టు. దీనికి తోడు తిరగబడ్డ ప్రమాదం ఒకటుంది. ఆ లిజనర్ ఫంక్షన్‌ని ఇంకెవరూ గట్టిగా పట్టుకుని లేకపోతే, బోర్డు బతికుండగానే కలెక్టర్ దాన్ని ఎత్తుకుపోతుంది. అప్పుడు బోర్డు ఉంటుంది, మాట ఉండదు. రెండుసార్లు పిలిస్తే జనం విసుక్కుంటారు, అసలు పిలవకపోతే పరగడుపున మధ్యాహ్నం దాకా కూర్చుంటారు.

ఇంత చెప్పినా, కనబడ్డ ప్రతి లిజనర్‌నీ విప్పాల్సిందే అనే వ్రతం నాకు లేదు. కాంపొనెంట్ తన సొంత బటన్ మీద క్లిక్ లిజనర్ పెడితే, బటన్ పోయినప్పుడు లిజనర్ కూడా దాంతోనే పోతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో వాళ్ళు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో అలా పోయేది కాదు, డామ్‌కీ (బ్రౌజర్ దగ్గర ఉండే పేజీ రూపానికీ) స్క్రిప్టుకీ మధ్య చక్రంలా పట్టుకున్న రిఫరెన్సుల్ని అది విడిపించలేకపోయేది. ఆ భయం అప్పటివాళ్ళ నుంచి మనకి వారసత్వంగా వచ్చింది, ఇప్పుడు దానికి అర్థం లేదు. ప్రమాదమంతా మీకంటే ఎక్కువకాలం బతికేవాటితోనే. విండో, డాక్యుమెంట్, సాకెట్, గ్లోబల్ స్టోర్, టైమరు, లొకేషన్ ఇచ్చే సెన్సరు. యాప్ ఉన్నంతకాలం ఉండాల్సిన సబ్‌స్క్రిప్షన్‌ని ఎవరూ విప్పనక్కర్లేదు. దానికి కూడా విప్పే కోడు రాయమని రివ్యూలో పట్టుబట్టేవాళ్ళతో నేను వాదిస్తాను, అలవాటుగా రాసే కోడు చదివేవాళ్ళకి అబద్ధం చెబుతుంది కాబట్టి.

అంటే ఎప్పుడు విప్పాలన్నది రెండో ప్రశ్న. ఇది ఎవరిది అన్నది మొదటి ప్రశ్న. ఇది నాకు పుస్తకంలో తెలియలేదు, నా బగ్గు సరిచేసిన మర్నాడు తెలిసింది.

బైండ్ చేసిన ఫంక్షన్‌ని ఒక్కసారే తయారుచేసి దాచుకుని, అదే ఫంక్షన్‌తో తగిలించి, అదే ఫంక్షన్‌తో విప్పాను. మార్చింది రెండు లైన్లు. ప్రతి నంబరూ ఒక్కసారే పలికింది. మర్నాడు పొద్దున్నే సెంటర్ నుంచి మళ్ళీ ఫోను: "సార్, ఇప్పుడు స్లైడ్లు వచ్చినప్పుడు అసలే పిలుస్తలేదు." ఆలోచిస్తే నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. స్లైడ్లు వచ్చే రెండు నిమిషాలూ బోర్డు తెరమీద ఉండదు. ఇన్నాళ్ళూ ఆ రెండు నిమిషాల్లో నంబర్లు పిలిచింది ఎవరు? చచ్చిపోయిన బోర్డులే. నా బగ్గు మూడు నెలలుగా ఒక ఫీచర్‌ని నడిపిస్తోంది. నేను దయ్యాల్ని వదిలించగానే ఆ పని చేసేవాళ్ళు లేకుండా పోయారు.

అసలు ఆ గొంతు బోర్డుది కానే కాదు. తెరమీద ఏమున్నా, నంబరు మారితే పిలవాలి. అంటే అది మొత్తం పేజీది. బోర్డుకి కావాల్సింది నంబరు చూపించడం ఒక్కటే. గొంతుని తీసుకెళ్ళి పైన, యాప్ మొదలయ్యే చోట, ఒక్కసారి తగిలించాను. దాన్ని విప్పే కోడు లేదు, అవసరమూ లేదు. బోర్డు తన నంబరు కోసం వేరే సబ్‌స్క్రిప్షన్ పెట్టుకుంటుంది, పోయేటప్పుడు విప్పుకుంటుంది.

యజమాని తప్పితే ఎంత తెలివైన యంత్రాంగం ఉన్నా లాభం లేదనడానికి ఆండ్రాయిడ్‌లో చక్కటి ఉదాహరణ ఉంది. 2017లో గూగుల్ తెచ్చిన లైవ్‌డేటాకి (విలువ మారితే కబురు చేసేది) విప్పే పనే అక్కర్లేదు, యజమాని ఎవరో చెబితే చాలు, ఆ యజమాని పోగానే తనే విప్పుకుంటుంది. మనవాళ్ళు ఫ్రాగ్మెంట్‌లో (తెరలో ఒక భాగాన్ని నడిపే కోడులో) రాస్తూ యజమాని చోట ఆ ఫ్రాగ్మెంట్‌నే ఇచ్చారు. కానీ వేరే తెరకి వెళ్ళి వెనక్కి వచ్చినప్పుడు ఫ్రాగ్మెంట్ అదే ఉంటుంది, దాని వ్యూ (కనిపించే రూపం) మాత్రం పోయి కొత్తది పుడుతుంది. వ్యూ పుట్టినప్పుడల్లా ఇంకో అబ్జర్వర్ (అక్కడ లిజనర్ పేరు), యజమాని మాత్రం చావలేదు కాబట్టి పాతవీ ఉంటాయి. అచ్చు నా టోకెన్ బోర్డే. అక్కడ వ్యూలైఫ్‌సైకిల్‌ఓనర్ ఇవ్వాలి. ఒక్క పదం తేడా.

ఇలాంటి దయ్యాల్ని పట్టుకోవడం గురించి రెండు మాటలు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో హీప్ స్నాప్‌షాట్ (ఆ క్షణంలో మెమరీ ఫోటో) తీసి 'డిటాచ్డ్' అని వెతికితే తెరమీంచి పోయినా మెమరీలో ఉన్న ముక్కలు కనిపిస్తాయి. పెర్ఫార్మెన్స్ మానిటర్‌లో ఈవెంట్ లిజనర్ల సంఖ్య నడుస్తూ ఉంటుంది, పేజీల మధ్య అటూఇటూ తిరిగితే అది మెట్లెక్కుతోందేమో చూడొచ్చు. సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ అయితే ఒకే ఈవెంట్‌కి పది దాటి లిజనర్లు చేరగానే తనే హెచ్చరిస్తుంది. ఆ వార్నింగ్ వచ్చిందని లిమిట్‌ని వందకి పెంచిన మహానుభావుడితో నేను ఒక ఏడాది పనిచేశాను. వీటన్నిటికంటే నాకు పనికొచ్చేది ఒక చిన్న టెస్టు. కాంపొనెంట్‌ని ఇరవైసార్లు పెట్టి తీయడం, తర్వాత సాకెట్ మీద ఎన్ని లిజనర్లు మిగిలాయో లెక్కపెట్టడం. మొదట్లో ఎన్నున్నాయో అన్నే ఉండాలి. అరగంట ఆగనక్కర్లేదు, ఒక్క సెకనులో అయిపోతుంది. ఇప్పుడు మా దగ్గర సాకెట్‌ని తాకే ప్రతి కాంపొనెంట్‌కీ ఈ టెస్టు ఉంది. ఎంత చెప్పినా కొత్తగా చేరినవాళ్ళు మొదటివారం దీన్ని అనవసరం అంటారు. నాలుగోవారానికి ఎవరిదో ఒకరిది ఫెయిలవుతుంది.

ఈమధ్య అమ్మకి థైరాయిడ్ పరీక్ష కోసం అదే సెంటర్‌కి వెళ్ళాం. కేపీహెచ్‌బీ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఇప్పుడు ఒకటే మెట్రో, మారే పని లేదు. టీవీ మారింది, బోర్డు రంగులు మారాయి, లోపల కోడు చాలావరకు నాదే. గంటన్నర కూర్చున్నాం. స్లైడ్లు మూడుసార్లు వచ్చాయి. ప్రతి నంబరూ ఒక్కసారే పిలిచింది, స్లైడ్ల మధ్యలో కూడా. అమ్మ నంబరు 33.

సరిగ్గా పదింటికి రిసెప్షన్‌లోంచి ఒక అబ్బాయి లేచాడు. అప్పటి కుర్రాడు కాదు, కొత్తవాడు. రిమోట్ తీసుకుని టీవీ ఆపాడు, వెనకున్న పెట్టె ప్లగ్ పీకి, మనసులో అయిదు లెక్కపెట్టి, మళ్ళీ పెట్టాడు. ఎందుకు తమ్ముడూ అని అడిగాను.

"రోజూ పదింటికి చెయ్యాలి సార్," అన్నాడు. "నేను చేరినప్పుడు చెప్పిండ్రు."